పెల్లెట్ స్టవ్ మంట బద్ధకంగా ఉంది, అద్దం నల్లబడుతోంది – బోర్డు మార్చే ముందు ఏం చూడాలి?

మెరిమాక్_ఒడ్డు · శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేము న్యూ హాంప్‌షైర్‌లో, నాషువాలో ఉంటాం. ఇల్లు కొన్నప్పుడు పాత ఓనర్లు వదిలి వెళ్లిన పెల్లెట్ స్టవ్ (రంపపు పొట్టు నొక్కి చేసిన చిన్న కలప గుళికలు కాల్చేది) ఉంది. పోయిన చలికాలం బాగానే నడిచింది. ఈసారి డిసెంబర్ మొదట్లోనూ ఇబ్బంది లేదు. ఈమధ్య మాత్రం మంట తీరే మారిపోయింది.

అంటుకోవడం మామూలుగానే అంటుకుంటుంది. అరగంట గడిచేసరికి చురుకు పోయి, ముదురు నారింజ రంగులో పొడుగ్గా, నెమ్మదిగా ఊగుతూ ఉంటుంది. కొసలు నల్లగా పొగ కక్కుతాయి. పొద్దున తుడిచిన అద్దం సాయంత్రానికి మసి పట్టి లోపల ఏముందో కనిపించదు. బర్న్ పాట్‌లో (పెల్లెట్లు పడి కాలే గిన్నె) సగం కాలిన పెల్లెట్లు కుప్ప పడుతున్నాయి, అడుగున రాయిలా గట్టిపడిన నల్ల ముద్ద తయారవుతోంది. గది వేడెక్కదు.

వేరే రకం పెల్లెట్లు తెచ్చి పోశాను, తేడా లేదు. సర్వీస్ చేసే ఒకాయన ఫోన్లో విని, చూడకుండానే "కంట్రోల్ బోర్డు పోయి ఉంటుంది" అన్నారు. అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. బయట మైనస్ పదిహేను. అమ్మ రోజంతా ఆ స్టవ్ గదిలోనే కూర్చుంటుంది, అందుకే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

వెర్మాంట్_వదిన · శుక్రవారం, రాత్రి 9:58

మిగతావన్నీ తర్వాత. ఆ గదిలోనూ, పడగ్గదుల దగ్గరా కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ఉన్నాయా? బ్యాటరీలు పనిచేస్తున్నాయా? బటన్ నొక్కి ఇప్పుడే చూడండి. మంట అలా మసి కక్కుతోందంటే పూర్తిగా కాలడం లేదని, ఆ వాయువు పుడుతోందని అర్థం. దానికి వాసన ఉండదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే పెద్దవాళ్లు ప్రయాణం బడలిక అనుకుని పడుకుంటారు. అలారం మోగితే అందరూ బయటికి వచ్చేసి, బయట నుంచే 911కి ఫోన్ చేయాలి. అమ్మగారికీ నాన్నగారికీ ఈ సంగతి కూర్చోబెట్టి చెప్పండి.

ఈ రాత్రికి స్టవ్ ఆపేయండి. ఆపడమంటే ప్లగ్ పీకేయడం కాదు, ఆఫ్ బటన్ నొక్కి దానంతట అది చల్లారనివ్వాలి. ప్లగ్ పీకితే పొగ లాగే ఫ్యాన్ ఆగిపోయి ఆ పొగ ఇంట్లోకి వస్తుంది.

మెరిమాక్_ఒడ్డు · శుక్రవారం, రాత్రి 10:15

వదినా, అలారాలు రెండూ పనిచేస్తున్నాయి. ఇంకోటి స్టవ్ గదికి రేపు తెస్తాను. స్టవ్ ఆపేశాం, ఇల్లు వేడెక్కించే ఫర్నేస్ మీద ఉన్నాం.

బాయిలర్_బాబాయ్ · శనివారం, ఉదయం 6:20

బాబూ, నేను ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు పెన్సిల్వేనియాలో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడి పెల్లెట్ స్టవ్ ఆలనాపాలనా నాదే.

మీరు చెప్పిన లక్షణాల్లో బోర్డు తప్పు ఒక్కటీ కనిపించలేదు. పెల్లెట్లు పడుతున్నాయి, ఫ్యాన్ తిరుగుతోంది, మంట అంటుకుంటోంది. అంటే బోర్డు చెప్పాల్సింది చెబుతోంది. మీ మంటకు గాలి చాలడం లేదు.

పెద్ద బాయిలర్‌లో ఐడీ ఫ్యాన్ అని ఉంటుంది. కొలిమిలో పొగను లాగి చిమ్నీకి పంపేది అదే. అందువల్ల కొలిమి లోపలి పీడనం బయటికంటే కాస్త తక్కువగా ఉంటుంది, పొగ ఇటువైపు రాదు. మీ స్టవ్ వెనకాల ఉన్న ఎగ్జాస్ట్ బ్లోయర్‌ది అదే పని. అది లోపలి గాలిని లాగుతున్నకొద్దీ, ఆ ఖాళీలోకి కొత్త గాలి బర్న్ పాట్ అడుగున ఉన్న చిల్లుల్లోంచి దూసుకొచ్చి పెల్లెట్లను కాలుస్తుంది. ఈ గాలి మూడు చోట్ల దెబ్బతింటుంది. లోపలికొచ్చే దారి మూసుకుపోవచ్చు. బయటికెళ్లే దారి బూడిదతో ఇరుకైపోవచ్చు. లేదా తలుపు సందుల్లోంచి గాలి దొంగదారిన వచ్చి, చిల్లుల గుండా రావాల్సింది తగ్గిపోవచ్చు. మూడింటిలోనూ మంట ఒకేలా ఉంటుంది, అందుకే ఫోన్లో విని చెప్పడం కుదరదు.

ఈ నాలుగూ చూసి చెప్పండి.

బూడిద రంగు ఎలా ఉంది? లేత రంగులో, వేళ్ల మధ్య పిండిలా జారితే గాలి చాలినట్టు. నల్లగా, గరుగ్గా, బరువుగా ఉంటే చాలనట్టు.

బర్న్ పాట్ బయటికి తీసి దీపానికి ఎదురుగా పట్టుకోండి. చిల్లులన్నింటిలోంచీ వెలుతురు రావాలి. తిరిగి పెట్టేటప్పుడు అడుగు సమంగా కూర్చుందో లేదో చూడండి, కింద చిన్న క్లింకర్ (గట్టిపడిన బూడిద ముద్ద) ముక్క ఇరుక్కున్నా గాలి పక్కనుంచి తప్పించుకుంటుంది.

తలుపు గ్యాస్కెట్ (తలుపు సందు మూసే తాడు): స్టవ్ చల్లగా ఉన్నప్పుడు ఒక డాలర్ నోటు తలుపులో పెట్టి మూసి లాగండి. బిగువుగా ఉండాలి. చుట్టూ నాలుగు వైపులా చూడండి. బూడిద ట్రే తలుపుకి కూడా.

వెంట్ పైపు, అంటే పొగ బయటికెళ్లే గొట్టం, ఎన్ని అంగుళాలు, ఎన్ని మలుపులు?

స్పోకేన్_చలి · శనివారం, ఉదయం 11:05

బాబాయ్ గారూ, గాలి సంగతి ఒప్పుకుంటాను కానీ పెల్లెట్లను అంత తేలిగ్గా పక్కన పెట్టకూడదు. ఇక్కడ అమ్మే సంచుల మీద పీఎఫ్ఐ (పెల్లెట్ ఫ్యూయెల్స్ ఇన్‌స్టిట్యూట్) గ్రేడ్ ఉంటుంది. ప్రీమియం అంటే బూడిద 1 శాతం లోపు, తేమ 8 శాతం లోపు. స్టాండర్డ్ అయితే బూడిద 2 శాతం దాకా, తేమ 10 శాతం దాకా ఉండొచ్చు. యుటిలిటీ గ్రేడ్ బూడిద 6 శాతం వరకూ పోతుంది, అది ఇళ్లలో స్టవ్‌కి పనికిరాదు.

పొడవు కూడా ముఖ్యం. పొట్టి పెల్లెట్లు, వాటిని పాట్‌లోకి తోసే ఆగర్ మరలో దగ్గరదగ్గరగా సర్దుకుని, అదే సెట్టింగులో ఎక్కువ పడతాయి. మంటకు ఇంధనం ఎక్కువై గాలి తక్కువైనట్టు కనిపిస్తుంది. మెరిమాక్ గారూ, సంచులు ఎక్కడ పెట్టారు? కాంక్రీట్ నేల మీద నేరుగా పెడితే చెమ్మ లాగుతాయి. గుప్పెడు తీసి విరిచి చూడండి, టక్కున విరగాలి. మెత్తగా పొడి అయిపోతే ఆ సంచి పక్కన పెట్టేయండి. సంచి అడుగున రంపపు పొట్టు ఎక్కువుంటే జల్లించి పోయండి.

కొత్తగూడెం_టు_కనెక్టికట్ · శనివారం, మధ్యాహ్నం 12:30

అన్నా, మా దోస్తు ఇంట్ల ఇట్లనే అయితే ప్రెషర్ స్విచ్ వైర్లు రెండు కలిపేసిండు, నడుస్తుంది. ట్రై చెయ్యి.

వెర్మాంట్_వదిన · శనివారం, మధ్యాహ్నం 12:41

దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ఆ స్విచ్ ఉన్నదే లోపల లాగుడు తగ్గినప్పుడు పెల్లెట్లు పడకుండా ఆపడానికి. దాన్ని దాటేస్తే పైపు మూసుకుపోయినా స్టవ్ పెల్లెట్లు పోసుకుంటూనే ఉంటుంది, పొగ ఇంట్లోకి కొడుతుంది. మీ దోస్తుకి ఈరోజే ఫోన్ చేసి వైర్లు మళ్లీ మామూలుగా పెట్టించండి, తమ్ముడూ. ఇంట్లో పిల్లలుంటే మరీను.

కొత్తగూడెం_టు_కనెక్టికట్ · శనివారం, మధ్యాహ్నం 1:10

సరే అక్కా, ఫోన్ చేసిన. ఇయ్యాల్నే తీసేస్తడు.

మెరిమాక్_ఒడ్డు · శనివారం, సాయంత్రం 4:45

అన్నీ చూశాను.

బూడిద నల్లగా, ఇసుకలా గరుగ్గా ఉంది. బర్న్ పాట్ చిల్లుల్లో సగానికి పైగా మూసుకుపోయాయి. స్క్రూడ్రైవర్‌తో గీకితే గాజు పెంకుల్లాంటి ముక్కలు ఊడాయి. నోటు పరీక్షలో మూడు వైపులా బిగువుగా ఉంది, కింది మడతబందు దగ్గర మాత్రం నోటు జారి చేతిలోకి వచ్చేసింది. అక్కడ తాడు నలిగి బల్లపరుపుగా అయిపోయింది.

పైపు 3 అంగుళాలది. స్టవ్ వెనక టీ (ఇంగ్లిష్ T ఆకారపు జాయింటు), అక్కణ్ణుంచి పైకి 4 అడుగులు, ఒక 90 డిగ్రీల మలుపు, అడ్డంగా 2 అడుగులు పోయి గోడ బయటికి.

పెల్లెట్లు టక్కుమని విరుగుతున్నాయి. సంచులు చెక్క ప్యాలెట్ మీదే ఉన్నాయి, ప్రీమియం గ్రేడే.

బాయిలర్_బాబాయ్ · శనివారం, సాయంత్రం 5:30

పైపు లెక్క చేద్దాం. పైపు పొగకి ఎంత అడ్డు పడుతుందో చూడటానికి సాధారణంగా మాన్యువళ్లలో టీకి 5, 90 డిగ్రీల మలుపుకి 5, అడ్డంగా పోయే ప్రతి అడుగుకి 1, నిలువు అడుగుకి అర వేస్తారు. మీకు 5, 2, 5, 2 కలిపి 14. మూడంగుళాల పైపుకి 15 దాకా సరిపోతుంది. పైపు సైజు తప్పు లేదు. లోపల ఎంత ఖాళీ మిగిలిందన్నదే ప్రశ్న.

ఒక టన్ను అంటే 40 పౌండ్ల సంచులు 50. ఒక శాతం బూడిద లెక్కన టన్నుకి 20 పౌండ్ల బూడిద. అందులో ఎక్కువ ట్రేలో పడుతుంది, మిగతా సన్నటి బూడిద పొగతో పాటు ఎగిరి దారిలో దొరికిన ప్రతి మూలలో కూర్చుంటుంది. మీరు ఇప్పటిదాకా ఎంత కాల్చారు? పాత ఓనర్లు ఎప్పుడు శుభ్రం చేయించారో తెలుసా?

మెరిమాక్_ఒడ్డు · శనివారం, సాయంత్రం 5:52

మేమే మూడు టన్నుల పైన కాల్చాం. ట్రే ఖాళీ చేయడం, అద్దం తుడవడం, పాట్ గీకడం చేస్తున్నాం. పాతవాళ్ల రికార్డులు ఏమీ లేవు.

బాయిలర్_బాబాయ్ · శనివారం, సాయంత్రం 6:40

అయితే అసలు బూడిద మీకు కనిపించని చోట ఉంది. రేపు పగటిపూట, స్టవ్ పూర్తిగా చల్లబడ్డాక, ప్లగ్ తీసేసి మొదలుపెట్టండి.

కొలిమి వెనక గోడ ఇటుకలా కనిపించే పలక ఉంటుంది. చాలా స్టవ్‌లలో అది రెండు క్లిప్పులు తిప్పితే వచ్చేస్తుంది. దాని వెనకాల పొగ కిందికి దిగే దారులు ఉంటాయి, చాలావరకు అవి పూడిపోతాయి. గోడను రబ్బరు సుత్తితో మెల్లగా తడుతూ ఉండండి, రాలుతుంది. పైన వేడి గాలి గొట్టాల మీద కూడా పొర కడుతుంది, గది వేడెక్కకపోవడానికి అదో కారణం. కింద రెండు పక్కలా చిన్న మూతలుంటాయి, వాటిని విప్పి లోపలికి గొట్టం పెట్టి లాగండి.

తర్వాత ఎగ్జాస్ట్ బ్లోయర్. స్క్రూలు విప్పి బయటికి తీస్తే ఫ్యాన్ రెక్కలు కనిపిస్తాయి. రెక్కల వంపులో బూడిద గట్టిపడితే ఫ్యాన్ అదే వేగంతో తిరుగుతున్నా గాలి లాగదు. చాలామంది ఇక్కడే మోటారు పోయిందనుకుని కొత్తది కొంటారు. మెత్తటి బ్రష్‌తో తుడవండి, రెక్కలు వంచకండి. తిరిగి బిగించేటప్పుడు దాని గ్యాస్కెట్ కొత్తది వేయాలి.

ఆ తర్వాత టీ అడుగు మూత తీయండి, పైపులో బ్రష్ తిప్పండి, గోడ బయట పైపు చివర జాలీ చూడండి. ప్రెషర్ స్విచ్‌కి వెళ్లే సన్నటి రబ్బరు గొట్టం కూడా ఊడదీసి, అది తగిలే చోట చిల్లు పూడిందేమో సన్న తీగతో చూడండి.

మామూలు ఇంటి వ్యాక్యూమ్ వాడొద్దు. సన్న బూడిద దాని ఫిల్టర్‌లోంచి గదంతా చిమ్ముతుంది. ఎక్కడైనా నిప్పురవ్వ మిగిలి ఉంటే సంచిలో అంటుకుంటుంది. బూడిద కోసమే చేసిన ఆష్ వ్యాక్యూమ్ అద్దెకైనా తెచ్చుకోండి. మూతి, ముక్కుకి మాస్కు.

స్పోకేన్_చలి · శనివారం, రాత్రి 8:15

ఇంకో దారి ఉంది. ఆకులు ఊదే లీఫ్ బ్లోయర్‌లో లాగే వైపు ఉన్నది దొరికితే, దాన్ని బయట పైపు చివరకి తగిలించి లాగిస్తే లోపలి మూలల్లో బూడిద అంతా వచ్చేస్తుంది. తలుపు మూసి, లోపల ఒకరు గోడలు తట్టి మళ్లీ మూస్తూ ఉండాలి.

వెర్మాంట్_వదిన · శనివారం, రాత్రి 8:33

నేనూ ఏటా ఏప్రిల్‌లో అలాగే చేస్తాను. రెండు జాగ్రత్తలు. ప్రెషర్ స్విచ్ గొట్టం ముందే ఊడదీయాలి, అంత బలంగా లాగితే లోపలి పొర చిరుగుతుంది. స్టవ్ ఆపి ఒక పూర్తి రోజు గడిచాకే చేయాలి. బూడిదలో నిప్పు చాలాసేపు బతికే ఉంటుంది. పక్కింటివాళ్ల కారు, ఆరేసిన బట్టలు ఎటువైపున్నాయో చూసుకోండి, వచ్చేది నల్ల మేఘమే.

మెరిమాక్_ఒడ్డు · ఆదివారం, సాయంత్రం 6:10

బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే ఉంది. వెనక పలక తీయగానే ఎడమ వైపు దారి పైదాకా పూడి ఉంది. నా అరచేయి పట్టాల్సిన సందులో రెండు వేళ్లు కూడా దూరలేదు. బ్లోయర్ రెక్కల మధ్య ముదురు గోధుమ రంగు పెంకు ఎంత గట్టిగా ఉందంటే బ్రష్ చాలక చెక్క పుల్లతో రెక్క రెక్కకీ తీయాల్సొచ్చింది. నాన్న టార్చి పట్టుకుని కూర్చున్నారు. బయట జాలీ మీద బూడిద అచ్చం ఊలు గుడ్డలా అల్లుకుపోయి ఉంది.

తలుపుకి కొత్త ఫైబర్‌గ్లాస్ తాడు, వేడికి ఆగే సిమెంట్‌తో అంటించాను. ఆరాక నోటు నాలుగు వైపులా పట్టేస్తోంది.

స్టవ్ వెలిగించగానే మంట చూసి అమ్మ ఇటు రమ్మని కేకేసింది. పసుపు, తెలుపు కలిసిన రంగు, పొట్టిగా, చురుగ్గా, పాట్‌లో చిన్న నిప్పులు ఎగిరెగిరి పడుతున్నాయి. అద్దం తేటగా ఉంది. అందరికీ ధన్యవాదాలు.

మెరిమాక్_ఒడ్డు · సోమవారం, రాత్రి 8:20

మళ్లీ వచ్చాను. పగలంతా మంట బ్రహ్మాండంగా ఉంది. సాయంత్రం ఏడింటికి మళ్లీ నారింజ రంగుకి తిరిగింది, పైకి సాగింది. ఎనిమిదికి దానంతట అదే బాగైంది. నేను ముట్టుకోలేదు. ఇదేంటో అర్థం కావడం లేదు.

వెర్మాంట్_వదిన · సోమవారం, రాత్రి 8:29

ఆ గంటలో ఇంట్లో ఏమేం నడుస్తున్నాయి? బట్టలారబెట్టే డ్రయర్? బాత్రూమ్ ఫ్యాన్? వంటింటి చిమ్నీ? స్టవ్‌కి బయటి నుంచి గాలి తెచ్చే పైపు ఉందా, లేక గదిలో గాలే వాడుకుంటోందా?

మెరిమాక్_ఒడ్డు · సోమవారం, రాత్రి 9:05

బయటి గాలి పైపు లేదు, గదిలో గాలే.

ఇప్పుడే నాన్నని అడిగితే ఆయన గమనించిన సంగతి చెప్పారు. అమ్మ తాలింపు పెట్టేముందు చిమ్నీ హై మీద వేస్తుంది. వేయగానే మంట తగ్గుతోందట, ఆపగానే లేస్తోందట. పోయిన వేసవిలో మసాలా వాసన ఇంట్లో నిలవకుండా పెద్ద చిమ్నీ పెట్టించాం, 900 సీఎఫ్ఎం.

మళ్లీ చిమ్నీ వేసి చూశాం. మంట సాగింది. స్టవ్ పక్క కిటికీ రెండంగుళాలు తెరవగానే మళ్లీ పొట్టిగా, చురుగ్గా అయింది. మూస్తే సాగింది. మా ముగ్గురి కళ్ల ముందే జరిగింది.

బాయిలర్_బాబాయ్ · సోమవారం, రాత్రి 9:40

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు బాబూ. మీటర్లు లేకుండా కళ్లతో పట్టుకున్నారు.

900 సీఎఫ్ఎం అంటే నిమిషానికి 900 ఘనపుటడుగుల గాలి బయటికి తోస్తుంది. 1,500 చదరపు అడుగుల ఇల్లు, 8 అడుగుల ఎత్తు అనుకుంటే మొత్తం గాలి 12,000 ఘనపుటడుగులు. చిమ్నీ పూర్తి వేగంతో పావుగంట తిరగకముందే అంత గాలినీ తోడేస్తుంది. చలికాలంలో కిటికీలన్నీ బిగించి ఉంటే ఆ గాలి ఎక్కణ్ణుంచి రావాలి? ఇంట్లోనే పీడనం తగ్గిపోతుంది. మీ స్టవ్‌లో చిన్న ఫ్యాన్ పొగను బయటికి లాగాలని చూస్తుంటే, వంటింట్లో పెద్ద ఫ్యాన్ అదే గాలిని వెనక్కి లాగుతోంది. బూడిద పూడి ఉన్నప్పుడు రోజంతా మంట బాగాలేదు కాబట్టి ఇది విడిగా తెలియలేదు.

అందుకే అమెరికా ఇళ్ల కోడ్‌లో 400 సీఎఫ్ఎం దాటిన చిమ్నీకి, బయటి నుంచి బదులు గాలి వచ్చే ఏర్పాటు ఉండాలని రాశారు. మన వంటలకి పెద్ద చిమ్నీ కావాలి, నేను కాదనను. బదులు గాలి దారి కూడా దానితో పాటే పెట్టించాలి.

స్పోకేన్_చలి · సోమవారం, రాత్రి 10:02

స్టవ్ వరకైతే అవుట్‌సైడ్ ఎయిర్ కిట్ వేయించండి. గోడలోంచి లోహపు పైపు వచ్చి స్టవ్ గాలి రంధ్రానికి నేరుగా తగులుతుంది. ప్లాస్టిక్ పైపు వాడకూడదు. బయట చివర ఎలుకలు దూరకుండా జాలీ ఉండాలి, పొగ పైపుకి మరీ దగ్గరగా ఉండకూడదు, మంచు పేరుకునే ఎత్తుకి పైన ఉండాలి. ఎంత దూరమో మీ మాన్యువల్‌లో ఉంటుంది. నా పెల్లెట్ల అనుమానం ఇక్కడితో వదిలేస్తున్నాను, ఇది గాలే.

నరసరావుపేట_మెస్ · మంగళవారం, ఉదయం 7:15

నమస్తే. నేను ఇక్కడ మెస్ నడుపుతున్నాను. గ్యాస్ ఖర్చు తగ్గించుకోవడానికి బ్లోయర్ ఉన్న పెల్లెట్ పొయ్యి పెట్టాం. వేరుశనగ పొట్టు పెల్లెట్లు, అప్పుడప్పుడు ఊక కలిసినవి వస్తాయి. మాకూ అడుగున ఇదే నల్ల ముద్ద. గాలి పెంచితే సరిపోతుందా?

బాయిలర్_బాబాయ్ · మంగళవారం, ఉదయం 7:50

మీది వేరే కథ అండీ. మీ బ్లోయర్ కింది నుంచి గాలి ఊదుతుంది, వీళ్లది లాగుతుంది. మీ దగ్గర ఇంధనమే ముఖ్యం. ఊకలో బూడిద 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది, అందులో అధిక భాగం సిలికా. వేరుశనగ పొట్టులోనూ కలప కంటే ఎక్కువే. వేడి మరీ పెరిగితే ఆ బూడిద మెత్తబడి ముద్ద కడుతుంది. ఊరికే గాలి పెంచితే ఇంకా గట్టిపడుతుంది. ఊక కలవని సరుకు అడగండి, మధ్యాహ్నం వంటకీ రాత్రి వంటకీ మధ్య జాలీ దులపండి. పొగ బయటికి పోయే గొట్టం, గాలి ఆడే కిటికీ తప్పనిసరి. వంటవాళ్లు రోజంతా దాని ముందే ఉంటారు.

మేరీలాండ్_మావయ్య · మంగళవారం, రాత్రి 9:30

మా స్టవ్ మంట బాగుంటుంది కానీ అంటుకోవడానికి చాలాసేపు పడుతోంది. ఒక్కోసారి అంటుకోదు. ఇదీ గాలేనా?

స్పోకేన్_చలి · మంగళవారం, రాత్రి 9:44

ముందు ఇగ్నైటర్ (పెల్లెట్లను అంటించే వేడి కడ్డీ) ఎదురుగా పాట్‌లో ఉండే చిల్లు పూడిందేమో చూడండి. అది శుభ్రంగా ఉన్నా అంటుకోకపోతే ఇగ్నైటర్ కడ్డీ అయిపోతున్నట్టు. వివరాలకి వేరే థ్రెడ్ తెరవండి మావయ్యా, ఇక్కడ కలిసిపోతుంది.

మెరిమాక్_ఒడ్డు · తర్వాతి శనివారం, సాయంత్రం 7:35

బయటి గాలి పైపు బిగించారు. వచ్చిన మెకానిక్ వెంట్, స్విచ్ కూడా తనిఖీ చేసి బోర్డు బాగానే ఉందన్నారు. ఇప్పుడు వంటింట్లో పులిహోర తాలింపు అవుతోంది, చిమ్నీ హై మీదే ఉంది, మంట కదల్లేదు. బూడిద లేత రంగులో ఉంది. చిమ్నీకి బదులు గాలి ఏర్పాటు కోసం కాంట్రాక్టర్‌తో మాట్లాడుతున్నాను. అప్పటిదాకా తాలింపు వేళ వంటింటి కిటికీ కాస్త తెరుస్తున్నాం.

ఒక చిన్న సందేహం. అమ్మ ఈ బూడిద పెరట్లో కూరగాయల మడికి వేయొచ్చా అంటోంది.

వెర్మాంట్_వదిన · శనివారం, రాత్రి 8:02

వేయొచ్చు. అచ్చమైన కలప పెల్లెట్ల బూడిదే కదా. కొంచెంగా చల్లి మట్టిలో కలపమనండి, ఎక్కువైతే నేల క్షారం అవుతుంది. బ్లూబెర్రీ మొక్కలుంటే వాటి దగ్గరికి తీసుకెళ్లొద్దు, వాటికి ఆమ్ల నేల కావాలి. వసంతం దాకా మూత ఉన్న ఇనప డబ్బాలో, ఇంటికీ చెక్క డెక్‌కీ దూరంగా పెట్టండి. అట్టపెట్టెలో గానీ ప్లాస్టిక్ బకెట్‌లో గానీ వేయొద్దు.